రిటైర్మెంటుకు తొమ్మిది నెలల ముందు వచ్చిన హెడ్మాస్టరు: ఒక కేస్ స్టడీ

2023 జులైలో ఒక శనివారం సాయంత్రం ఆయన నల్లగొండలోని నా వకీలు ఆఫీసుకు వచ్చి, గిఫ్టు డీడు ముసాయిదా ఒకటి టేబుల్ మీద పెట్టారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఎవరితోనో రాయించి వాట్సాప్‌లో పంపాడట. ఇల్లు కొడుకు పేరు మీదికి మార్చాలి, రిజిస్ట్రాఫీసులో ఎంత ఖర్చవుతుందో చెప్పమన్నారు.

దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన హెడ్మాస్టరు. 2024 ఏప్రిల్ 30న రిటైర్మెంటు. (ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆయన్ని సారు అనే అంటాను, అందరూ అలాగే పిలిచేవారు.)

"ఇప్పుడే ఎందుకు సార్?" అని అడిగాను.

"మా తోటి సారొకాయన పోయిండు మేడం. ఆర్నెల్లాయె. వాళ్లింట్ల లొల్లి ఇంకా తెగలే. నేను అట్ల గావద్దని."

ముసాయిదా పక్కన పెట్టి తెల్లకాగితం తీశాను. మధ్యలో గీత గీసి, ఎడమవైపు 'ఏముంది', కుడివైపు 'కాగితంలో ఎవరి పేరుంది' అని రాశాను. ఇరవై రెండేళ్లుగా ఈ పని ఇలాగే మొదలుపెడుతున్నాను. ఎడమవైపు అందరూ గడగడా చెప్తారు. కుడివైపుకు వచ్చేసరికి "రేపు చూసి చెప్త" అంటారు.

సారు లెక్క ఇది. నల్లగొండలో 200 గజాల్లో సొంత ఇల్లు. ఊళ్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి పంపకంలో తనకు వచ్చిన నాలుగెకరాలు, అందులో సగం బత్తాయి తోట. 1997లో దాయాది దగ్గర తెల్లకాగితం మీద కొన్న రెండెకరాలు. చౌటుప్పల్ దగ్గర ఒక ప్లాటు. ఎల్‌ఐసీ పాలసీలు, బ్యాంకు డిపాజిట్లు, జడ్పీ జీపీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంటు. ఇంట్లో ఎనభై ఐదేళ్ల తల్లి, భార్య, ముగ్గురు పిల్లలు. పెద్దబిడ్డ మిర్యాలగూడలో అత్తగారింట్లో ఉంది. కొడుకు సాఫ్ట్‌వేర్. చిన్నబిడ్డ మూడేళ్ల కింద భర్తను విడిచి, ఆరేళ్ల పాపతో పుట్టింటికి వచ్చేసింది. సారుకు ఒక తమ్ముడు, ఒక చెల్లె.

అప్పులిచ్చారా, ఎవరి దగ్గరైనా ప్రాంసరీ నోట్లు రాయించుకున్నారా అని అడిగాను. సారు పక్కనే భార్య కూర్చుని ఉంది. "లేవు మేడం" అన్నారు. కాగితం మీద 'లేవు' అని రాసుకున్నాను.

గిఫ్టు డీడు సంగతి పది నిమిషాల్లో తేల్చాం. గిఫ్టు రిజిస్టరైతే ఇల్లు ఆ రోజే చేతులు మారుతుంది. తర్వాత మనసు మారినా వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటానని ఒప్పుకొని ఆస్తి రాయించుకొని, ఆ తర్వాత చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. కానీ ఆ షరతు ఉందని చూపించాలి. కొడుకు పంపిన ముసాయిదాలో అది లేదు, ప్రేమాభిమానాలతో ఇస్తున్నట్టు మాత్రం ఉంది. ఆ కొడుకు చెడ్డవాడు కాదు. నెట్‌లో దొరికిన నమూనా పంపాడంతే. అయినా రిటైరయ్యే మనిషి ఉన్న ఒక్క ఇంటినీ బతికుండగానే రాసివ్వడానికి నేను ఒప్పుకోను. ఈ విషయంలో నాది మొండితనమని తోటి వకీళ్లు అంటారు.

"అయితే ఏం రాయకుంటే ఏమైతది? భార్యాపిల్లలకే గదా వస్తది?" అన్నారు సారు.

ఈ మాట వారానికొకసారి వింటాను. జవాబు చెప్పే ముందు నేను చూసేది తల్లి బతికుందా లేదా అని. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా లేకుండా చనిపోతే మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. అందరికీ సమానం. సారు ఇంటికి ఐదు వాటాలు పడతాయి. అందులో ఒకటి అవ్వది, అంటే సారు తల్లిది. రేపు అవ్వ కూడా వీలునామా రాయకుండా పోతే ఆమె ఐదో వంతు ఆమె సంతానానికి పోతుంది. అంటే సారు తమ్ముడికి ఇంట్లో పదిహేనో వంతు, చెల్లెకు ఇంకో పదిహేనో వంతు, మిగిలిన పదిహేనో వంతు సారు పిల్లలకు. రెండు వందల గజాల్లో పదిహేనో వంతు పదమూడు గజాలు. అందులో ఎవరూ కాపురం ఉండరు. ఇల్లు అమ్మే రోజున మాత్రం ఆ పదమూడు గజాల సంతకం లేకుండా కొనేవాడు ముందుకు రాడు. తోటి సారు ఇంట్లో జరుగుతున్న లొల్లి ఇదేనని తర్వాత తెలిసింది.

సారు చాలాసేపు మాట్లాడలేదు. భార్య అడిగింది: "అట్లయితే అత్తమ్మకు ఏం ఇయ్యొద్దా?" ఇవ్వొద్దని కాదు. అవ్వ బతికినన్ని రోజులు ఆమె తిండి, మందులు ఎవరు చూడాలో, ఏ డబ్బులోంచి చూడాలో వీలునామాలో రాయొచ్చు. రాశాం కూడా.

ఇక నాలుగెకరాలు. సారు అనుకున్నది, అది తన పేరు మీద ఉంది కాబట్టి తన ఇష్టమని. పాస్‌బుక్‌లో ఆయన పేరే ఉంది. కానీ పిత్రార్జితంలో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. 2005 సెప్టెంబర్ 9 నుంచి ఆడపిల్లలకూ కొడుకుతో సమానంగా ఉంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చేసింది. తండ్రి, ముగ్గురు పిల్లలు కలిపి నాలుగు వాటాలు. నాలుగెకరాల్లో వీలునామా రాసే హక్కు సారుకు ఒక్క ఎకరం మీదే ఉంది. మొత్తం భూమి రాసేసిన వీలునామాలు మా జిల్లా కోర్టులో కుప్పలుగా కనిపిస్తాయి. అందుకే ఆ భూమిని వీలునామాలో కలపకుండా, అందరూ ఉండగానే పంపకం చేసి, అప్పటి భూ రికార్డుల పోర్టల్ ధరణిలో స్లాటు బుక్ చేసి తహసీల్దార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాం. తలా ఒక ఎకరం. తోట ఎవరి వైపు పడాలన్న దగ్గర కొడుకు, పెద్దబిడ్డ కొంచెం పట్టుదలకు పోయారు. బోరు ఉన్న ఎకరం సారే ఉంచుకోవడంతో సద్దుమణిగింది.

నామినేషన్ల కోసం మాత్రం సారును రెండుసార్లు వెనక్కి పంపాను. ఎల్‌ఐసీలో మొదటి పాలసీ 1990 నాటిది, పెళ్లికి ముందు తీసుకున్నది. నామినీగా తండ్రి పేరుంది, ఆయన పోయి పదిహేడేళ్లు. ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు నామినీ తమ్ముడు. అప్పుడు కౌంటర్ దగ్గర తోడు వచ్చాడట, అందుకని రాసేశారట. సర్వీసు పుస్తకంలో గ్రాట్యుటీ నామినేషన్ కూడా పాతదే. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, యజమాని కాడు అని సుప్రీంకోర్టు 1983లోనే శర్బతీ దేవి కేసులో చెప్పింది. ఇన్సూరెన్సు వరకు 2015లో చట్టం మారింది. భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. బ్యాంకులో అలా కాదు. డబ్బు నామినీ చేతికి వస్తుంది, వారసులు ఆయన్ని అడుక్కోవాలి. తమ్ముడు మంచివాడే కావచ్చు, తమ్ముడి భార్యకూ పిల్లలకూ ఆ మంచితనం పరీక్ష పెట్టడం ఎందుకు? ఈ పనికి వకీలు అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు. ఫారం నింపి, తీసుకున్నట్టు రసీదు అడగాలి, అంతే. (2025 నవంబర్ నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. అప్పుడు అది లేదు.)

ఇది రిటైర్మెంటుకు ముందే ఎందుకంటే, అప్పుడు సర్వీసు పుస్తకం తన ఆఫీసులోనే ఉంటుంది, గుమాస్తా తన మాట వింటాడు. రిటైరైన మర్నాడు అదే గుమాస్తా ముందు బెంచీ మీద కూర్చోవాలి. ఇది సారు మాటే, నాది కాదు.

ఫ్యామిలీ పెన్షన్ మీద కూడా ఒక అపోహ ఉంది. చిన్నబిడ్డకు ఏ ఆధారమూ లేదు కాబట్టి పింఛను ఆమెకు రాస్తానన్నారు. పింఛను రాసిచ్చే ఆస్తి కాదు. ఎవరికి వెళ్లాలో రూల్సే చెప్తాయి, ముందు భార్యకు. విడాకులైన కూతురికి తర్వాత అవకాశం ఉన్నా దానికి షరతులు ఉన్నాయి, అన్నిటికన్నా ముందు కోర్టు డిక్రీ కావాలి.

ఇక్కడ అసలు చిక్కు బయటపడింది. ఆమెకు డిక్రీ లేదు. పెద్దమనుషుల్లో కూర్చుని వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకున్న ఒప్పందం ఉంది, రెండువైపుల సంతకాలతో. దాన్నే ఆ ఇంట్లో మూడేళ్లుగా విడాకులు అంటున్నారు. చట్టం లెక్కలో ఆమె ఇంకా అతని భార్యే. సారు చౌటుప్పల్ ప్లాటు ఆమెకు రాస్తే, రేపు ఆమెకు ఏదైనా జరిగితే ఆ ప్లాటు పాపకూ, ఆ భర్తకూ చెరిసగం. ఈ మాట చెప్పినప్పుడు సారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అప్పటివరకు ఆస్తి గురించి మాట్లాడిన మనిషి అక్కడినుంచి బిడ్డ గురించే మాట్లాడారు. సెప్టెంబర్‌లో పరస్పర అంగీకారంతో విడాకులకు వేశాం. అతను మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాడు కాబట్టి సంతకం పెట్టాడు, మా అదృష్టం. 2024 జూన్‌లో డిక్రీ వచ్చింది.

ఈ కేసులో నన్ను ఎక్కువ తిప్పించింది సాదాబైనామా. తెలంగాణ పల్లెల్లో ఈ మాట తెలియని రైతు లేడు. తెల్లకాగితం మీద అమ్మకం, ఇద్దరు సాక్షులు, డబ్బు ముట్టింది, భూమి దున్నుకుంటున్నారు, రికార్డులో మాత్రం అమ్మినవాడి పేరే. సారు 2020లో క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టారు. పాత ఆర్‌ఓఆర్ (భూ హక్కుల రికార్డుల) చట్టం అదే ఏడాది రద్దయి, కేసు హైకోర్టుకు చేరి, లక్షల దరఖాస్తులతో పాటు అదీ ఆగింది. ఇరవై ఆరేళ్లుగా సారు సాగు చేస్తున్న రెండెకరాలకు ప్రభుత్వం ఇచ్చే రైతుబంధు సాయం దాయాది ఖాతాలో పడేది. "పోనీలే, మనోడే" అని ఊరుకున్నారు. సాక్షుల్లో ఒకాయన అప్పటికే లేడు. దాయాదికి డెబ్బై రెండేళ్లు. ఆయన పోతే ఆయన కొడుకులకు ఆ తెల్లకాగితం ఎవరో.

నా సలహా: దరఖాస్తు తేలేదాకా ఆగకుండా, ఆయనతోనే ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఎంతో కొంత ఇవ్వాల్సి వచ్చినా సరే. సారుకు కోపం వచ్చింది. కొన్న భూమిని మళ్లీ కొనాలా? న్యాయంగా చూస్తే ఆయన కోపం సరైందే. నేను మూడుసార్లు ఆ ఊరికి వెళ్లాను. దాయాది కొడుకులు ఇప్పటి ధరలో సగం అడిగారు. చివరికి దాయాదే కొడుకులను కసిరి, మూడు లక్షలకు ఒప్పుకున్నాడు. 2024 జనవరిలో పట్టా సారు పేరు మీదికి వచ్చింది. ఆ మూడు లక్షలు దండగని సారు చివరిదాకా అంటూనే ఉన్నారు. నేను కాదనలేదు.

వీలునామా దగ్గరికి వచ్చేసరికి సారు ఒక వాక్యం సిద్ధం చేసుకుని వచ్చారు: "నా భార్య జీవితాంతం ఇల్లు అనుభవించి, తదనంతరం నా కొడుకుకు చెందవలెను." డాక్యుమెంటు రైటర్లు తరతరాలుగా రాస్తున్న వాక్యం ఇది. దీని మీద నడిచినన్ని కేసులు ఇంకే వాక్యం మీదా నడవలేదేమో. భార్యకు పోషణ హక్కు ఉంది కాబట్టి, దాని బదులు ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే. ఏ పరిస్థితిలో మారుతుంది, దేంట్లో మారదు అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. ఆ వాదనలో మీ ఇల్లు ఎందుకు? ఇవ్వదలచుకుంటే ఆమెకే పూర్తిగా ఇవ్వండి, ఆమె వీలునామా ఆమె రాసుకుంటుంది అన్నాను.

"ఆమెకిస్తే ఆమె తమ్ముళ్లు చేరుతరు మేడం" అన్నారు నవ్వుతూ. భార్య నవ్వలేదు.

వారం తర్వాత ఒప్పుకుని వచ్చారు. ఇల్లు, బోరు ఉన్న ఎకరం భార్యకు. కొన్న రెండెకరాలు కొడుకుకు. ప్లాటు చిన్నబిడ్డకు. పెద్దబిడ్డకు పెళ్లినాడు ఇచ్చిన బంగారం, డబ్బు చాలానే కాబట్టి పంపకంలో వచ్చిన ఎకరం తప్ప ఇంకేమీ లేదు. ఎవరికి తక్కువ ఇస్తున్నారో వాళ్లకు కారణం రాయాలని పట్టుబట్టాను. కోర్టులో వీలునామా మీద అనుమానం మొదలయ్యేది అక్కడే. సారు రాశారు, నాలుగు లైన్లు, స్కూలు రిజిస్టర్‌లో రాసినట్టు పొడిపొడిగా.

వీలునామాకు స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెలంగాణలో ప్రొబేటు (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) కూడా తప్పనిసరి కాదు. రాసిన మనిషి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకం ఉంటే చెల్లుతుంది. అయినా రిజిస్టర్ చేయించమనే చెప్తాను. అసలు పోయినా నకలు దొరుకుతుంది, రాసిన మనిషి బతికుండగా ఆ నకలు ఇంకెవరికీ ఇవ్వరు. ఒక మాట మాత్రం మర్చిపోతుంటారు. రిజిస్టరైనా సరే, వివాదం వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. సారు తన వయసు స్నేహితులిద్దరిని తెచ్చారు. వెనక్కి పంపి, నలభై దాటని ఇద్దరు టీచర్లను పిలిపించాను. 2024 ఫిబ్రవరిలో సారుదీ, ఆయన భార్యదీ రెండు వీలునామాలు ఒకే రోజు రిజిస్టరయ్యాయి.

అంతకు ముందే, 2023 దసరాకు ఆడబిడ్డలు బతుకమ్మకని వచ్చినప్పుడు సారు అందరినీ కూర్చోబెట్టి ఎవరికేముందో చెప్పారు. నేనే చెప్పమన్నాను. తమ్ముణ్ని కూడా పిలిచారు. పెద్దబిడ్డ ఏమీ మాట్లాడలేదట. "ఒప్పుకుంది" అని సారు నాకు చెప్పారు.

ఏప్రిల్ 30న సన్మానం, పూలదండలు. 2024 మార్చి తర్వాత రిటైరైన చాలామందికి లాగే సారుకూ రావలసిన బెనిఫిట్లు నెలల తరబడి ఆగాయి. 2025 మార్చిలో, రావలసిన దాంట్లో సగం కూడా చేతికి రాకముందే, గుండెపోటుతో పోయారు.

తర్వాత జరిగింది క్లుప్తంగా. ఎల్‌ఐసీ, బ్యాంకు డబ్బు నెలన్నరలో భార్య చేతికి వచ్చింది. ఆగిన బెనిఫిట్లు నామినీగా ఆమెకే విడతలుగా వస్తున్నాయి. పంపకం ముందే అయిపోవడంతో పిల్లల మూడెకరాల జోలికి ఎవరూ రాలేదు. సారు పేరు మీద మిగిలిన భూమికి ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో మ్యుటేషన్ (పేరు మార్పిడి) పెట్టాం. వారసులందరికీ నోటీసులు వెళ్లాయి. తమ్ముడు వారసుడు కాకపోయినా వచ్చి "అన్న దసరనాడే చెప్పిండు" అని సంతకం చేసి పోయాడు.

పెద్దబిడ్డ చేయలేదు. మూడు వారాలు. అభ్యంతరమూ పెట్టలేదు, సంతకమూ చేయలేదు. ఒకరోజు నా ఆఫీసుకు వచ్చి వీలునామా చదివింది. ఆ నాలుగు లైన్ల దగ్గర ఆగి, "బాపు నన్ను ఒక్క మాట అడిగితే నేనే వద్దందును మేడం" అంది. దసరానాడు సారు చెప్పారు, అడగలేదు. ఆ తేడా నేను ముందే పట్టుకోవాల్సింది. ఇప్పుడు క్లయింట్లకు పిల్లలతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడమని చెప్తున్నాను. మర్నాడు ఆమె తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి సంతకం చేసింది.

నా తప్పు ఇంకొకటి బీరువాలో దొరికింది. బట్టల కింద ఒక కవరు, అందులో ఏడు ప్రాంసరీ నోట్లు. తోటి టీచర్లకు, ఒక బంధువుకు ఇచ్చిన అప్పులు, అసలు ఆరు లక్షల ఎనభై వేలు. భార్యకు ఒక్కటీ తెలియదు. నోటుకు గడువు మూడేళ్లు. మూడింటికి అది దాటిపోయింది, మధ్యలో వడ్డీ కట్టినట్టు రాతకోతలూ లేవు. మిగిలిన నాలుగింటిలో ఇద్దరు పిలవగానే వచ్చి కట్టారు. ఒకరు వాయిదాల్లో కడుతున్నారు. ఇంకొకరు "సారుకు అప్పుడే ఇచ్చిన" అంటున్నాడు. ఆయన మీద డిక్రీ రావాలంటే ముందు సక్సెషన్ సర్టిఫికెట్ (పోయిన మనిషి అప్పులు వసూలు చేసుకోవడానికి వారసులకు కోర్టు ఇచ్చే పత్రం) కావాలి, దానికి కోర్టు ఫీజు వేరే. అది నడుస్తోంది. భార్య పక్కన కూర్చున్న మనిషిని 'అప్పులిచ్చారా' అని అడగడం ఏం వకాల్తా అని ఆ కవరు చూసినప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

పోయిన నెల సారు భార్య మళ్లీ వచ్చింది, తన వీలునామా మార్చాలని. తన నగలు పెద్దబిడ్డకు రాయాలట. పెద్దబిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. లబ్ధి పొందే మనిషి పక్కన ఉండగా నేను ఏమీ రాయను. పెద్దబిడ్డను బయట బెంచీ మీద కూర్చోమని, తలుపు దగ్గరకు వేసి, ఆ తెల్లకాగితం తీశాను. నగల సంగతి అయ్యాక, అప్పులేమైనా ఇచ్చారా అమ్మా అని అడిగాను.

ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది.

"రెండు నోట్లున్నయి మేడం. సారుకు గూడ తెల్వదు."